మంగళం తర్వాతి పాట

20 జనవరి 2003, సోమవారం

పొద్దున రామకోటి రాస్తూ రాస్తూ చూసుకుంటే, వరుస మధ్యలో ‘ఈ రోజు కూడా మాట్లాడలేదు’ అని ఉంది. నా రాతే. ఎప్పుడు రాశానో తెలియలేదు. దేవుని పుస్తకంలోకి ఇంటి గోడు వచ్చిందే అని భయమేసింది. కొట్టేద్దామంటే పక్కనే రాముని పేరు ఉంది, చేయి రాలేదు. అందుకని మా అమ్మాయి ఈశ్వరి చదువుకునే రోజుల్లో సగం వాడి వదిలిన ఈ నోటుపుస్తకం వెతికి తీశాను. ఇక మీద గోడు దీంట్లో, రాముడు దాంట్లో.

ఈ ఇంట్లో మాట్లాడే మనిషి మా ఆయన. నేను వినే మనిషిని. ముప్పై ఏళ్లు అలాగే జరిగింది, ఎవరికీ లోటు లేదు. కార్తీకమాసంలో శనివారం భజనకు చెక్కలు తుడుచుకుంటూ తుడుచుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. హిందూపురం తీసుకుపోయాం, అక్కడి నుంచి బెంగళూరు. కుడికాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. కుడిచేయి ఇంకా రాలేదు. మాట అసలే రాలేదు. ఏం అడిగినా ‘అది, అది’ అంటాడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చెక్కభజన నేర్పిన గురువు, ఆయన నోట్లో ‘అది’ ఒక్కటే మిగిలింది.

నాకు రాయడం పెద్దగా రాదు. పదో తరగతి పాసయ్యాను, అంతే. ఎవరికోసమూ రాయడం లేదు కాబట్టి ఫరవాలేదు.

21 జనవరి

నీళ్ల ట్యాంకరు రాలేదు. ఆయన మాట్లాడలేదు.

25 జనవరి, శనివారం

బెంగళూరు నరాల డాక్టరు పంపాడని ఒక అమ్మాయి వచ్చింది. పేరు నాజ్‌నీన్. గుంతకల్లు రైల్వే ఉద్యోగి కూతురు. చిలమత్తూరులో బస్సు దిగి, అక్కడి నుంచి ఆటోలో వచ్చింది. డాక్టరమ్మ అనుకుని మంచం మీద దుప్పటి సర్దాను. కాదట. తెలుగులో పిహెచ్‌డి చేస్తోందట.

పుల్లన్న అప్పుడు ఇక్కడే ఉన్నాడు. మా ఆయన శిష్యుల్లో పెద్దవాడు. ఇప్పుడు గురువు వాయించే తాళాలు అతని దగ్గరే ఉన్నాయి.

“తెలుగు చదివిన పాపకు నరాల డాక్టరుతో ఏం పనమ్మా?” అన్నాడు.

“మా గైడూ అదే అడుగుతాడన్నా. పాటల మీద రాస్తాండావు సరే, ఆస్పత్రికి యాల పోతావంటాడు. డాక్టరేమో, ఆస్పత్రికి వస్తాండావు సరే, పాటలు యాల అంటాడు.”

“రెంటికీ చెడిన రేవడి కాకుండా చూసుకో పాపా.”

“ఆ భయం నాకూ ఉండాది,” అని నవ్వింది.

తర్వాత నాకు నిదానంగా చెప్పింది. తలలో మాట వచ్చే దోవ ఒకటి, పాట వచ్చే దోవ ఇంకొకటి అట. ఆయనకు మాట దోవ తెగిపోయింది. పాట దోవ మిగిలి ఉంటే, ఆ దోవన మాటను పంపి చూడొచ్చట. పాటలు ఎరిగినవాళ్లూ నరాలు ఎరిగినవాళ్లూ కలిసి చేయాల్సిన పని, రెండు పక్కలా ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నారు అంది. ఉగాది దాకా చూద్దామన్నాడట డాక్టరు. అప్పటికి ఆయన సొంతమాట ఒక్కటైనా రాకపోతే ఇక రానట్టే.

పుల్లన్న ఇంకో నలుగురిని పిలుచుకొచ్చి ఆయన చెవి దగ్గర గట్టిగా భజన మొదలుపెట్టాడు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పోయే ముందు ఆ అమ్మాయి నన్ను అడిగింది, “మీకు ఆయన పాటలు వచ్చునా అమ్మా?”

రావు అన్నాను. అబద్ధం కాదు. చెక్కభజన మగవాళ్లది. నేను వంటింట్లోంచి విన్నాను, అంతే.

27 జనవరి

దీపం పెడుతుండగా వెనక నుంచి పాట వచ్చింది.

ఆయన పాడాడు. గణపతి ప్రార్థన రెండో చరణం, ఒక్క మాట పోకుండా, గొంతు కాస్త జీర పోయి. వత్తి జారి చమురులో పడిపోయింది. పక్కింట్లో ఉన్న మా మారెక్క వదినను పిలుచుకు రావడానికి పరుగెత్తాను. ఆమె ఆయన అక్క. ఆమె వచ్చి నిలబడేసరికి మళ్లీ ‘అది, అది’.

“కల కన్నావేమోలే లక్ష్మీ,” అంది వదిన.

కల కాదు. మొదటి చరణం నేను లోపల అనుకుంటున్నాను, అది కాస్త బయటికి వచ్చినట్టుంది. రెండోది ఆయన అందుకున్నాడు. నేను పాడలేదు. అనుకున్నాను, అంతే.

28 జనవరి

ఇవాళ కూడా అనుకున్నాను. ఇవాళ కూడా అందుకున్నాడు.

1 ఫిబ్రవరి, శనివారం

నాజ్‌నీన్ టేపురికార్డరు తెచ్చింది. ఆయన పాట అందుకున్న సంగతి చెప్తే నా రెండు చేతులూ పట్టుకుంది. శిష్యులు వద్దు, మీరే పాడాలి అంది. ఆయన బాగా ఎరిగిన రాగం ఒకటి తీసుకుని, దాంట్లో దేవుని మాటలు తీసేసి ఇంటి మాటలు పెట్టాలట. నీళ్లు కావాల. బువ్వ కావాల. బయటికి పోవల్ల. ఆయన ఎడమచేతిని చెక్కతో తట్టుతూ తాళానికి పాడాలట.

వదిన వాకిట్లో కూర్చుని అంతా వింటోంది.

“ఏమే లక్ష్మీ, రాముని పాటలో ఉచ్చ మాట పెట్టి పాడతారంట? కండ్లు పోతాయే.”

“పెద్దమ్మా,” అంది నాజ్‌నీన్, “దేవుడు ఇన్నేండ్లు ఈయనతో పాడించుకున్నాడు గదా. ఒక చెంబెడు నీళ్ల కోసం రాగం ఎరువు ఇయ్యలేడా?”

“నీకేం పాపా, మీ దేవునికి పాటే ఉండదాయె.”

“పీర్ల పండక్కి మీరు ఎప్పుడూ రాలేదా పెద్దమ్మా?”

“రాకేమి, నిప్పులు గూడా తొక్కినా,” అని వదినే నవ్వేసింది.

వదిన నవ్వింది గానీ ఆమె అన్న మాట నన్ను వదల్లేదు. అన్నం దించి మళ్లీ పొయ్యి మీద పెట్టాను, ఎందుకో తెలియదు. రాగం నన్నే ఎంచమంది నాజ్‌నీన్. ప్రార్థన రాగం వద్దు, అప్పుడు దేవుడు ఎదురుగా కూర్చుని వింటుంటాడు. అడుగులు వేస్తూ పాడే నడక పాట వద్దు, దాంట్లో అడుగడుగునా రాముని పేరే.

చివరికి తోచింది. మంగళం. అది భజనకు ఆఖరుది. అది పాడేశాక సాములవారు పడుకుంటాడు. ఆ రాగంలో ఏం పెట్టినా దేవుని చెవిన పడదు. పొట్టిది, మా ఆయనకు నిద్రలో కూడా వస్తుంది. పాపం తగలకుండా పని జరుగుతుంది.

నాకు పాడాలని లేదు. ఆయనకోసం.

4 ఫిబ్రవరి

పాడాడు. ‘నీళ్లు కావాల, నాకు నీళ్లు కావాల.’ చెంబు తెచ్చి ఇస్తే తాగాడు. వీధిలో బిందెలు వరుసపెడుతున్న శివప్ప విని, “అందరికీ కావాల్లే జయరామన్నా, ట్యాంకరు రానీ,” అన్నాడు. ఎన్ని రోజులకో ఆయన మొహంలో నవ్వు చూశాను.

8 ఫిబ్రవరి

పొద్దున ఒక్కసారి పాడతాడు. తాగుతాడు. తర్వాత ఎడమచేయి నుదుటికి ఆనించుకుని కళ్లు మూస్తాడు. ఇక సాయంత్రం దాకా ఎంత పిలిచినా పాట లేదు, మాట లేదు. ప్రార్థన అనుకున్నా అందుకోవడం లేదు. మునుపు అదైనా ఉండేది.

13 ఫిబ్రవరి

అంతే.

17 ఫిబ్రవరి

నాజ్‌నీన్ వచ్చి పొద్దుటి నుంచి కూర్చుని చూసింది. పొద్దున నీళ్ల పాట, దండం, ఆ తర్వాత నిశ్శబ్దం. క్యాసెట్టు అటు తిరిగింది, ఇటు తిరిగింది, దాంట్లో నా గొంతూ మా కోళ్ల అరుపులూ తప్ప ఏమీ పడలేదు. నేను పాడుతూనే ఉన్నాను. ఆయన కళ్లు తెరిచి నన్నొకసారి చూసి మళ్లీ మూసుకున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

“డాక్టరు ఇంతకంటే రాదేమో అంటాండాడమ్మా,” అంది ఆ అమ్మాయి. ఇది కుదరకపోతే తను తెలుగు వాళ్లకూ చెందదు, డాక్టర్లకూ చెందదు. పుల్లన్న నోటి మాట నిజమయ్యేట్టుంది.

నాకు ఆమె మీద కోపం లేదు. డాక్టరు మీద లేదు. దేవుని మీద అసలే లేదు.

18 ఫిబ్రవరి

ఎవరి మీదా కోపం లేదు. వాకిలి రెండుసార్లు ఊడ్చాను.

22 ఫిబ్రవరి, శనివారం

సాయంత్రం వదినను ఆయన దగ్గర కూర్చోబెట్టి ఆంజనేయస్వామి గుడికి పోయాను. ఆయన పడిపోయాక భజనకు పోవడం ఇదే మొదలు. ఆడవాళ్లం అరుగు కింద కూర్చున్నాం. పుల్లన్న బాగానే నడిపించాడు. మంగళం పాడారు, చెక్కలు సంచిలో వేస్తున్నారు, అప్పుడు శివప్ప చేను నుంచి ఆ మట్టికాళ్లతోనే వచ్చాడు.

“అయిపాయెనా? ఒక్క నడక పాట పాడండప్పా, ఈ వారమంతా దాని కోసమే చూస్తాండా.”

“మంగళం అయిపోయినాక నోరు తెరిస్తే మా గురువు చెక్కతో వీపు పగలగొట్టేటోడు,” అన్నాడు పుల్లన్న. “సాములోరు పండుకున్నాడు. నువ్వూ పోయి పండుకోపో.”

“ఒక్కటంటే ఒక్కటి లేప్పా.”

“గురువు నోరు పడిపోయిందని నియమం పడిపోయిందా శివప్పా?”

నేను లేచాను. హారతి పళ్లెం నా ముందుకు వస్తోంది, కళ్లకద్దుకోకుండానే నడిచాను. జీవితంలో అలా ఎప్పుడూ చేయలేదు.

మంగళం. రోజూ పొద్దున లేవగానే ఆయనతో మంగళం పాడించాను. ముప్పై ఏళ్లు ఆ రాగం వినబడితే నోరు మూసుకున్న మనిషి. రాగంతో పాటు నియమం కూడా వచ్చింది. ఆయన రోజూ పొద్దున్నే భజన ముగించి, దేవుణ్ణి పడుకోబెట్టి, సాయంత్రం దాకా మౌనంగా ఉన్నాడు. ఆ తర్వాత కూడా పాడుతున్న నన్ను చూసి ఇదేం మనిషి అనుకున్నాడు.

దేవుని చెవిన పడకూడదని నేను ఎంచిన రాగమే ఆయన నోటికి గడియ పెట్టింది.

24 ఫిబ్రవరి

ఎస్‌టీడీ బూతు నుంచి నాజ్‌నీన్‌కు ఫోను చేశాను. మంగళం సంగతంతా చెప్పాను.

“రాగం ఏదైతేనేమి అనుకొంటిమి ఇద్దరమూ,” అంది. తర్వాత నవ్వింది, చాలాసేపు. “మళ్లా మొదలుపెడదామమ్మా. భజన దేనితో మొదలవుతాదో దానితోనే.”

దానితో అంటే ప్రార్థనతో. దేవుడు మేలుకుని ఎదురుగా కూర్చునేది అప్పుడే.

25 ఫిబ్రవరి

పాడలేదు. నోరు రాలేదు. ట్యాంకరు దగ్గర గొడవ, రెండే బిందెలు దొరికాయి. ఇంట్లోకి పోతాను, వాకిట్లోకి వస్తాను, మళ్లీ ఇంట్లోకి.

26 ఫిబ్రవరి

తెల్లవారగానే గుడికి పోయి స్వామి ముందు నిలబడి చెప్పాను. నీ రాగంలో ఉచ్చ మాట పెడుతున్నాను, దాచిపెట్టి కాదు, నీ చెవిన పడేటట్టే పెడుతున్నాను. మా ఆయన దాహం నువ్వు వినకపోతే ఇంకెవరు వినాలి.

పైకే అన్నాను. పూజారి చూశాడు. చూడనీ.

1 మార్చి, మహాశివరాత్రి

ప్రార్థన రాగంలో నాలుగు రోజులుగా పాడుతున్నాం. ‘నీళ్లు’ వచ్చింది, ‘బయటికి’ వచ్చింది, ‘వద్దు’ వచ్చింది. బొరుగుల ఉగ్గాని పెడితే ‘వద్దు, వద్దు’ అని తాళం వేసి మరీ పాడాడు. పగలంతా పాడుతున్నాడు. ఇవాళ అందరం ఉపవాసం. మధ్యాహ్నం ‘బువ్వ కావాల’ అని వీధి అంతా వినబడేట్టు అందుకున్నాడు. వదిన లేచి పోయి పెరుగన్నం కలుపుకొచ్చింది. “తినురా, శివునికి నేను చెప్పుకుంటాలే,” అంది.

రాగం లేకుండా మాత్రం ఒక్క మాట లేదు. అన్నీ నేను ముందు పాడితే తను తర్వాత పాడేవి. ఇవి సొంతమాటలు కావు అంటాడట డాక్టరు. ఉగాది దగ్గర పడుతోంది.

8 మార్చి

నాకు పాడాలని లేదు అని రాశాను గదా. ఆ రోజు అది నిజమే అయ్యుంటుంది.

15 మార్చి, శనివారం

నాజ్‌నీన్ టేపు పెట్టి మూలన కూర్చుంది. నేను ఆయన ఎడమచేతిని తట్టుతూ కొత్త చరణం ఎత్తుకున్నాను. ఈశ్వరి గుత్తి నుంచి వస్తాంది, నీ బిడ్డ వస్తాంది అని. రెండో చుట్టు దగ్గర తాళం కాస్త మెలిక తిరుగుతుంది. అక్కడ శిష్యులందరూ తప్పుతారు.

ఆయన నా చేతిలోంచి చెక్క లాక్కున్నాడు.

“అట్ల కాదే లచ్చీ. తాళం తప్పినావు.”

పాట కాదు. మాట. మామూలుగా, మునుపు కూర్చుని అన్నం తింటూ అన్నట్టుగా. తర్వాత ఎడమచేత్తోనే చెక్కను మంచం పట్టె మీద కొట్టి తాళం చూపించాడు. నాజ్‌నీన్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వంటింట్లోకి పోయి బియ్యం చేటలో పోసుకున్నాను. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరాను.

తప్పానేమో. కంగారులో తప్పే ఉంటాను.

19 మార్చి

నాజ్‌నీన్ బూతుకు ఫోను చేసి పిలిపించింది. డాక్టరు విన్నాడట. ఇది ఆయన శిష్యులను వెయ్యిసార్లు అని ఉంటాడు, పాత వాడుక, పెదవులకు అలవాటైన మాట, ఇది లెక్కలోకి రాదు అన్నాడట.

“నన్ను ఎప్పుడూ అనలేదమ్మా,” అన్నాను.

“ఏమి?”

“ఆయన పడిపోయే దాకా నేను ఆయన ముందర ఎప్పుడూ పాడింది లేదు. ఆ మాట నాతో అనాల్సిన పని ఆయనకు ఎప్పుడూ పడలేదు.”

అటు పక్క కాగితాల చప్పుడు. “ఇంగోసారి చెప్పండమ్మా, రాసుకుంటా,” అంది.

ఉగాది తర్వాత హైదరాబాదులో ఒక సభ ఉందట. పాటలు, కథలు చదివేవాళ్లూ డాక్టర్లూ ఒకే గదిలో కూర్చుంటారట. అక్కడ ఈ మాట వినిపిస్తే గైడు నమ్ముతాడు, డాక్టరు నమ్ముతాడు, చదువు గట్టెక్కుతుంది. మీరు సరేనంటేనే అంది. ఆలోచించి చెప్తానన్నాను.

23 మార్చి

ఆలోచన ఏముంది దీంట్లో. మంచి పిల్ల. ఇంత ఎండలో అంత దూరం నుంచి వచ్చింది. ఆమె లేకపోతే ఆ మాటే లేదు. నీళ్ల పాట, బువ్వ పాట లోకమంతా వినిపించుకోమను.

ఆ ఒక్క మాట.

ఆయన శిష్యులను తిట్టేది విన్నప్పుడల్లా, ముప్పై ఏళ్లు, వంటింట్లో ఉన్న నన్ను ఎవరూ తిట్టలేదే అనుకునేదాన్ని. ఇది ఎవరితో చెప్పుకునే మాట.

25 మార్చి

సరే అని చెప్పేద్దామని బూతు దాకా పోయి తిరిగి వచ్చాను.

28 మార్చి

మళ్లీ పోయాను. మళ్లీ వచ్చాను. బూతు ఓబుళేసు, “ఏందక్కా, నడక ప్రాక్టీసా?” అన్నాడు.

2 ఏప్రిల్, ఉగాది

నాజ్‌నీన్ పండగ పూట వచ్చింది. పచ్చడి తిని, వేపపువ్వు చేదుకు మొహం చిట్లించి, ఇంకొంచెం పెట్టమంది. నన్ను ఏమీ అడగలేదు. అడగకపోవడం ఇంకా కష్టంగా ఉంది.

అప్పుడు తోచింది, మాట నాది కాదు గదా. అన్నది ఆయన.

మంచం పట్టె మీద కూర్చుని ఆయన చేయి తట్టాను. ప్రార్థన రాగంలోనే అడిగాను. నువ్వు నన్ను అన్న మాట, తాళం తప్పినావన్న మాట, ఊరుకాని ఊళ్లో నలుగురికీ వినిపించమంటావా అని. ఈ పాట ముందు ఎప్పుడూ పాడింది కాదు, నేర్పింది కాదు. ఆయన నన్ను చూశాడు. నాజ్‌నీన్‌ను చూశాడు. టేపురికార్డరును చూశాడు. చాలాసేపు నోరు కదిలించాడు.

“వద్దు,” అన్నాడు. రాగం లేదు. మళ్లీ వెతుక్కుని, “ఇంటిది,” అన్నాడు.

నాజ్‌నీన్ మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. నవ్వుతోంది కూడా.

“ఇది చాలమ్మా నాకు. ‘వద్దు’ మీరు నేర్పినారు. ‘ఇంటిది’ ఎవరు నేర్పినారు? కొత్త సంగతి అడిగితే ఆలోచించి, కాదని, ఇంటి మాట అని ఎందుకో గూడా చెప్పినాడు. ఆ పాత మాట నేను ఎవరికీ వినిపించను. ఆయన వద్దన్నాడని మాత్రం చెప్తా. అది చెప్పొచ్చునా?”

ఆయన్ను అడిగాను. తల ఊపాడు.

“మరి వాళ్లు నమ్ముతారా?” అన్నాను.

“నమ్మకుంటే మళ్లా వస్తా. మీ బెల్లం ఓళిగలు తినేకైనా రావల్ల గదా.”

పోయేముందు ఆ మాట పడిన క్యాసెట్టు తీసి, పైనున్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరిచి నా చేతిలో పెట్టింది. ఇక దీని మీద ఇంకే పాటా ఎక్కదు అంది.

11 ఏప్రిల్, శ్రీరామనవమి

పుల్లన్న వాళ్లు ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి గుడి దగ్గరికి మోసుకుపోయారు. మంగళం అయ్యాక శివప్పే అన్నాడట, “గురువు ఒక్క మాట చెప్తే ఇంగో పాట పాడతాం” అని. మా ఆయన “వద్దు” అన్నాడట. ఊరంతా నవ్విందని వదిన వచ్చి చెప్పింది.

నేను ఇంట్లో ఉండిపోయాను. తలనొప్పి అన్నాను. అందరూ పోయాక ఆయన భజన క్యాసెట్లు వేసుకునే టేపురికార్డరు తీసి, ఆ క్యాసెట్టు వేశాను. ఒక్కసారి విన్నాను. మెలిక దగ్గర ఆపి మళ్లీ విన్నాను. నా గొంతు ఇలా ఉంటుందని నాకు తెలియదు.

క్యాసెట్టునూ ఈ పుస్తకాన్నీ పసుపుగుడ్డలో చుట్టి రామకోటి పుస్తకాల అడుగున పెడుతున్నాను. ఈశ్వరీ, ఎప్పుడో ఒక రోజు ఈ మూట నీ చేతికి వస్తుంది. నీళ్లలో కలపొద్దు, పొయ్యిలో వేయొద్దు. ఉండనీ. ఎవరికీ చూపించొద్దు. మీ నాయనకైతే అసలే చూపించొద్దు.

ఆ రోజు నేను తాళం తప్పలేదు.